చీలమండ ముందు, మణికట్టు తర్వాత

మనుషులు ఎలా పడ్డారో చదవడం మైలపల్లి దేవిక ఉద్యోగం.

విశాఖపట్నంలో కొండవాలు మీద కట్టిన ప్రమాద చికిత్స ఆస్పత్రిలో ఆమె సీనియర్ మెడికల్ కోడర్. డాక్టర్లు రాసిన ప్రతి కేసు షీటూ చివరికి ఆమె టేబుల్ దగ్గరికి రావాల్సిందే. విరిగిన ఎముకకు ఒక కోడ్ ఉంటుంది. అది ఎలా విరిగిందో చెప్పడానికి ఇంకో కోడ్ ఉంటుంది. మెట్ల మీద జారితే ఒకటి, నిచ్చెన మీంచి పడితే ఒకటి, ఆవు పొడిస్తే ఒకటి. ఏ రోడ్డు సరిచేయాలో, ఏ బండిని ఆపాలో పెద్దలు నిర్ణయించేది ఈ అంకెలు చూసే. పద్నాలుగేళ్లుగా ఆ పని చేస్తున్న దేవిక ఒక్క నియమం ఏనాడూ తప్పలేదు. షీట్లో ఉన్నదే రాయాలి, లేనిది ఊహించి రాయకూడదు.

నగరంలోకి నిలుబండ్లు వచ్చి ఆరేళ్లయింది. రెండు పాదాలు పట్టే పలక, దాని కింద రెండు చిన్న చక్రాలు, నడుము ఎత్తున హ్యాండిల్. నిలబడి నడిపే కరెంటు బండి. మొదట కాలేజీ పిల్లలు ఎక్కారు, తర్వాత ఆఫీసులవాళ్లు. ఎవరూ అనుకోని విధంగా వాటిని అందరికంటే బాగా వాడుకున్నది చేపలమ్ముకునే ఆడవాళ్లు. హార్బర్లో వేలం ముగియగానే గంపలు నెత్తిన పెట్టుకుని ఆటో కోసం ఎండలో నిలబడే మనుషులు, ఇప్పుడు గంపను హ్యాండిల్ ముందు కట్టుకుని, చీర కుచ్చిళ్లు దోపుకుని, చినవాల్తేరు ఎత్తు ఎక్కి పాండురంగపురం డౌన్‌లో దిగిపోతుంటే ఊరంతా నిలబడి చూసేది. అమ్మకం బాగుండటం చూసి బండ్ల కంపెనీయే గంప కట్టుకోవడానికి ప్రత్యేకంగా ఒక స్టాండు చేసి ఇచ్చింది.

దేవిక తల్లి నూకరత్నమూ చేపలమ్మేదే. జాలారిపేటలో నిలుబండి ఎక్కిన మొదటి మనిషి ఆమె. యాభై ఎనిమిదేళ్ల వయసులో రెండు రోజుల్లో నేర్చుకుంది.

ఆ తర్వాత పడటాలు మొదలయ్యాయి.

నిలుబండి మీంచి పడితే రాయడానికి కోడ్ పుస్తకంలో ఉన్నది ఒకటే అంకె. నిలుబండి మీంచి పడుట, అంతే. ఎందుకు పడ్డారన్న దానికి చోటు లేదు. పద్నాలుగు నెలల్లో దేవిక ఆ అంకె మూడు వందల పదకొండు సార్లు వేసింది. వేస్తూ వేస్తూ ఒక రోజు ఆగిపోయింది. మామూలుగా పడ్డవాళ్లు ఒక పక్కకి పడతారు. ఒక భుజం, ఒక మోచెయ్యి, అదే పక్క తుంటి. చేపలమ్మే వాళ్లలో అరవై నలుగురు మాత్రం అలా పడలేదు. రెండు మణికట్లూ విరిగాయి, గడ్డం చిట్లింది, ముందు పెట్టిన కాలి చీలమండ విరిగింది. పక్కకి ఒరిగిన మనుషుల గాయాలు కావు ఇవి. కిందున్న బండి ఉన్నట్టుండి ఆగిపోతే, పైనున్న మనిషి ఎగిరి ముందుకు పడ్డట్టున్నాయి.

ఆమె ఆ అరవై నాలుగు షీట్లూ ఒక జాబితాగా చేసి సూపరింటెండెంట్‌కి పంపింది. ఆయన కంపెనీకి పంపారు. కంపెనీ నుంచి పది రోజుల్లో జవాబొచ్చింది. గంప బరువు ముందుకు లాగడం వల్ల నడిపేవాళ్లు అదుపు తప్పి ముందుకు పడుతున్నారనీ, లోపం బండిలో లేదనీ, సరుకు మోసే ఆడవాళ్లకు బండ్లు ఇవ్వడం ఆపాలనీ అందులో రాశారు. నగర రవాణా సంఘం దాన్ని నమ్మింది. గంపలతో నిలుబండి నడపడం నిషేధించడానికి విచారణ తేదీ వేసి, నోటీసు హార్బర్ గేటుకి అంటించింది.

దేవిక ఇంటికొచ్చేసరికి నూకరత్నం వాకిట్లో కూర్చుని గంపకి కొత్త టార్పాలిన్ కుడుతోంది.

"ఏటే దేవీ, ఆ గేటుకాడ అంటించిన కాయితంలో ఏటి రాసినారు? ఇస్కూలు గుంటలు సదివినారు గానీ నాకు సరిగ్గా బోదపడనేదు."

"గంపతో బండి ఎక్కనివ్వరంట అమ్మా. పడేది మీ తప్పు వల్లేనంట."

నూకరత్నం సూది ఆపింది. "ముప్పయ్యేళ్లు నెత్తి మీద మోసినాను. ఒక్క కానాగంత సేప కింద పడనేదు. ఇప్పుడు మాకు మొయ్యడం రాదంటారేటి?"

"అలా అనలేదులే."

"అలగే అన్నారు. మాటలే మంచియి." మళ్లీ కుట్టడం మొదలుపెట్టి కాసేపటికి అంది, "ఒకటి సెప్పనా? వానలో ఎంత తడిసినా బండి ఆగదు. సేపల నీళ్లు కారిన రోజే టక్కున ఆగుతాదంట. నాతో సేపలమ్మే పైడితల్లి సెప్పింది. అందుకే నాను టార్పాలిను ఏసుకుంటాను."

దేవిక ఆ మాట మనసులో పెట్టుకుంది.

*

ఆస్పత్రి మూడో అంతస్తులో డాక్టర్ తహసీన్ సుల్తానా ప్రయోగశాల ఉంది. ఆమె ఎముకల విద్యుత్తు మీద పనిచేసే శాస్త్రవేత్త. ఎముకను నొక్కితే అతి స్వల్పంగా కరెంటు పుడుతుందన్నది పాత సంగతి. తహసీన్ కనిపెట్టింది దాని తర్వాతి సంగతి. ఎముక విరిగేటప్పుడు పుట్టిన కరెంటు వెంటనే పోదు. ఏ దిక్కు నుంచి ఎంత బలం వచ్చిందో, శరీరంలో ఏ ఎముక ముందు విరిగిందో, ఏది తర్వాతో, ఆ వరస మూడు రోజుల పాటు ఎముక పోగుల్లో నిలిచి ఉంటుంది. దాన్ని చదవడానికి ఆమె ఒక యంత్రం చేసింది. దానికి పతనలేఖ అని పేరు పెట్టుకుంది. మనిషి పడిన చివరి పదకొండు సెకన్లు అది తెర మీద గీతలుగా గీసి చూపిస్తుంది.

దేవిక తన జాబితా ఆమె ముందు పెట్టింది.

"కంపెనీ వాళ్లు చెప్పేది నిజమైతే మణికట్టు ముందు విరగాలి మేడమ్. మనిషి ముందుకు ఒరిగి, చేతుల మీద పడి, ఆ తర్వాత కాలు మెలికపడుతుంది. నేననుకునేది నిజమైతే చీలమండ ముందు విరగాలి. బండి ఆగింది, కాలు బండితో ఆగింది, ఒళ్లు ఆగలేదు. ఎక్స్‌రేలో రెండూ ఒకలాగే కనిపిస్తాయి. వరస మీ యంత్రానికే తెలుస్తుంది."

తహసీన్ జాబితా రెండుసార్లు చదివింది. కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టింది.

"దేవిక గారూ, మా యంత్రం గురించి మీకు మొత్తం ఎవరూ చెప్పినట్టు లేరు. ఎముకలో ఉన్నదాన్ని బయటికి లాగాలంటే మళ్లీ అదే దారిలో కరెంటు పంపాలి. నరాలు కూడా ఆ దారిలోనే ఉన్నాయి. మత్తిస్తే ఏమీ చదవలేం. కాబట్టి పడుకోబెట్టిన మనిషి మళ్లీ పడతాడు. ఒంటికి కొత్త దెబ్బ తగలదు. కానీ ఆ పదకొండు సెకన్లూ మొత్తం మళ్లీ అనుభవిస్తాడు. మొదటిసారి నా మీదే చేసుకున్నాను. ప్రయోగం కోసమని చిటికెన వేలు విరగ్గొట్టుకున్నాను." ఆమె ఎడమ చెయ్యి చూపించింది. ఆ వేలు కొంచెం వంకర. "విరిగినప్పుడు అరవలేదు. చదివినప్పుడు అరిచాను. ఎందుకంటే రెండోసారి, వస్తోందని తెలుసు."

దేవిక జాబితా వెనక్కి తీసుకుని మడిచింది.

"అడుగుతాను," అంది. "ఇష్టమైన వాళ్లే వస్తారు. కాదంటే ఇంకొక మాట మాట్లాడను."

ఎథిక్స్ కమిటీ ఐదుగురికి అనుమతినిచ్చింది. షరతులు రెండు. చదివించుకున్న మనిషి ఒక రోజు లోపల తన ఫలితాన్ని వెనక్కి తీసుకోవచ్చు. వెనక్కి తీసుకోని ప్రతి ఫలితం, ఎటువైపు వచ్చినా, నివేదికలో ఉండి తీరాలి.

*

మొదట ఒప్పుకున్నది పైడితల్లి. ఇరవై ఆరేళ్ల పిల్ల, అంతకుముందు రోజే సీతమ్మధార దగ్గర పడి వచ్చింది. గడ్డం మీద కుట్లు, రెండు చేతులకీ, కుడి చీలమండకీ కట్లు. దేవిక కాగితం మీద ఉన్నదంతా చదివి వినిపించి, మళ్లీ పడ్డట్టు ఉంటుందని విడమరిచి చెప్పింది.

"అక్కా, నా మొగుడు కూడా నన్నే అంటన్నాడు. సూసుకుని నడపలేవా అని," అంది పైడితల్లి. "ఒక్కసారి పడి తిట్లు తిన్నాను. రెండోసారి పడితే అయ్యి పోతాయంటే, పడతాను."

పదకొండు సెకన్లు. పైడితల్లి మొదటి మూడు సెకన్లు పళ్లు బిగించింది. నాలుగో సెకనుకి ఆమె కుడి పాదం బల్ల మీద దానంతట అది ముడుచుకుపోయింది. అప్పుడు అరిచింది. తెర మీద ఎర్రగీత చీలమండ దగ్గర లేచింది. అది లేచాక సెకనులో మూడో వంతు గడిచేసరికి, మణికట్ల దగ్గర రెండు గీతలు ఒకేసారి లేచాయి.

చీలమండ ముందు. మణికట్టు తర్వాత.

దేవిక ఆమె తల పట్టుకుని కూర్చుంది. అరుపు ఆగాక పైడితల్లి అడిగిన మొదటి మాట, "ఎవరి తప్పు?"

"నీది కాదు," అంది దేవిక.

ఆ పిల్ల ఏడుస్తూనే నవ్వింది. తర్వాతి నాలుగు వారాల్లో ఇంకో ముగ్గురు వచ్చారు. మూడూ అదే వరస. ముగ్గురూ అదే ప్రశ్న అడిగారు. దేవిక అదే జవాబు చెప్పింది. ఇలా చెప్పగలిగే రోజు తన ఉద్యోగంలో వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. కానీ పైడితల్లి మళ్లీ వాలులో నడవడానికి కూడా భయపడుతోందనీ, మేడ మెట్లు కూర్చుని దిగుతోందనీ తెలిసింది. దేవిక ఆ సంగతి తహసీన్‌కి చెబితే ఆమె తన వంకర వేలు నిమురుకుంది.

విచారణకి ఐదు రోజులుందనగా, మధ్యాహ్నం పన్నెండింటికి ఎమర్జెన్సీ నుంచి దేవికకు ఫోనొచ్చింది. నూకరత్నం పాండురంగపురం డౌన్‌లో పడింది. రెండు మణికట్లు, గడ్డం, ముందు కాలి చీలమండ.

దేవిక పరుగెత్తుకుని వెళ్లేసరికి నూకరత్నం స్ట్రెచర్ మీద ఉంది. రొయ్యల వాసన, రక్తం వాసన.

"ఏడవకు," అంది నూకరత్నం. "ఐదోది కావాలన్నావు కదా. నన్ను సదివించు."

"వద్దమ్మా. నలుగురివి చాలు."

"ఐదుగురికి ఒప్పుకున్నారని నువ్వే సెప్పినావు. పైడితల్లి పడతాది గానీ నాను పడనా? రేపు హార్బరుకాడ ఏ మొగం పెట్టుకుని కూకుంటాను?"

దేవిక ఎంత చెప్పినా వినలేదు. మర్నాడు ఉదయం పతనలేఖ బల్ల మీద పడుకుని కూతురి వైపు చూసి, "నువ్వు అటు తిరుక్కో," అంది.

"తిరగను. రాయాల్సింది నేనే."

నూకరత్నం అరవలేదు. తొమ్మిదో సెకను దాకా కళ్లు తెరిచే ఉంది. దేవిక తెర వైపు చూసింది. ముందు మణికట్ల దగ్గర గీతలు లేచాయి. కుడివైపు పొడుగ్గా, ఎడమవైపు కొంచెం ఆలస్యంగా. ఆ తర్వాత అర సెకనుకి చీలమండ.

తహసీన్ తెరను పెద్దది చేసి చూసింది, మళ్లీ చిన్నది చేసింది. పడకముందు మూడు సెకన్ల పాటు ఎడమ అరచేతి ఎముకల్లో బరువు జాడే లేదు. ఆ చెయ్యి హ్యాండిల్ మీద లేదు.

నూకరత్నం పైకప్పు వైపు చూస్తూ నెమ్మదిగా అంది.

"సెయ్యి ఒదిలేసినానే. మేడ మీదనించి ఎవరో, రొయ్యలున్నాయా అని కేకేసినారు. ఉన్నాయని సెయ్యెత్తి సూపించినాను. అంతే." కూతురి వైపు తల తిప్పి, "నిన్న నాకే గురుతు నేదు. బండే ఆగిపోయిందనుకున్నాను. ఇప్పుడు మళ్లీ పడ్డప్పుడు తెలిసింది, ఎడం సేతికి ఏటీ తగల్లేదు, గాలి తగిలింది."

దేవికకు టార్పాలిన్ గుర్తొచ్చింది. అమ్మ గంప కారదు. నీళ్లు కారని బండి ఎందుకు ఆగుతుంది? ఆ సంగతి తనకు ముందే తోచి ఉండాల్సింది. తోచనివ్వలేదు.

*

ఫలితం వెనక్కి తీసుకునే కాగితం ఆ సాయంత్రం ఇంట్లో మంచం పక్కన స్టూలు మీద ఉంది. నూకరత్నం రెండు చేతులకీ, ఒక కాలికీ కట్లు. వేలిముద్ర వేయడానికి బొటనవేలు మాత్రం బయటికి ఉంది.

"నాదొక్కటీ తీసియ్యవే," అంది నూకరత్నం. "నలుగురివీ నిజమే కదా. నా పాడు సెయ్యి వల్ల ఆల్లందరి నోట్లో మట్టి కొట్టాలా?"

దేవికకు కూడా అదే కావాలి. ఆ కోరిక ఎంత బలంగా ఉందంటే, కాగితం ముట్టుకోవడానికి భయమేసింది.

"అది నీ హక్కమ్మా. తీయమని గానీ వద్దని గానీ నేను చెప్పకూడదు."

"ఆపీసులో మాటాడినట్టు మాటాడకు. నీకు ఏటనిపిస్తంది?"

"తీసెయ్యాలనే ఉంది," అంది దేవిక. "కంపెనీ వాళ్ల లాయరు అందరికంటే ముందు నీ దాన్నే పట్టుకుంటాడు. చూడండి, చేతులొదిలి నడుపుతారు వీళ్లు, అంటాడు. ఆ నలుగురు మళ్లీ పడి, నొప్పి భరించి తెచ్చింది నీ ఒక్కదానితో కొట్టేస్తాడు."

నూకరత్నం కాగితం మీది నుంచి కూతురి వైపు తిరిగింది.

"ఎవరో ఊరూ పేరూ తెలీని ఆడది ఇలగే సెయ్యొదిలి పడితే, నువ్వేటి రాస్తావు?"

"ఉన్నది రాస్తాను."

"పద్నాలుగేళ్లనుంచీ?"

"పద్నాలుగేళ్లనుంచీ."

"మరి నా కాడికొచ్చేసరికి నీ సెయ్యి ఒణికితే ఎలగే? నా కూతురు రాసిందంటే అది నిజమని హార్బరంతా సెప్పుకుంటన్నాను. అది పోగొట్టుకోమంటావా?" నూకరత్నం కట్టు లేని కాలితో స్టూలుని దూరంగా నెట్టింది. కాగితం నేల మీద పడింది. "ఉండనీ. రాసెయ్యి."

*

రవాణా సంఘం సభామందిరం నిండిపోయింది. చేపలమ్మే ఆడవాళ్లు ఎనభై మంది దాకా వెనక వరసల్లో కూర్చున్నారు. సంఘానికి అధ్యక్షుడు గజపతిరావు, పదవీ విరమణ చేసిన జడ్జి. మాట తక్కువ మనిషి.

దేవిక ఐదు ఫలితాలూ తెర మీద చూపించింది. నాలుగింటిలో చీలమండ ముందు, ఒకదానిలో మణికట్టు ముందు. తహసీన్ యంత్రం ఎలా చదువుతుందో చెప్పింది. కంపెనీ న్యాయవాది లేచాడు.

"ఐదో మనిషి ఎవరు?"

"మా అమ్మ," అంది దేవిక.

మందిరంలో గుసగుసలు మొదలయ్యాయి. న్యాయవాది నవ్వాడు. "మీ అమ్మగారే చెయ్యి వదిలి బండి నడిపి పడ్డారు. మేం మొదటి నుంచీ చెప్తున్నది అదే కదా?"

"ఆమె విషయంలో మీరు చెప్తున్నది నిజమే సార్. మిగతా నలుగురి విషయంలో కాదు."

గజపతిరావు చెయ్యెత్తి న్యాయవాదిని ఆపాడు. కాగితాలు తిరగేసి, "ఇష్టం లేకపోతే ఫలితం వెనక్కి తీసుకోవచ్చని ఇక్కడ రాసి ఉంది. మీ అమ్మగారు తీసుకుని ఉంటే ఇది మా ముందుకి వచ్చేదే కాదు. అవునా?"

"అవును సార్."

"ఎందుకు తీసుకోలేదు?"

దేవిక నోరు తెరిచేలోగా వెనక నుంచి నూకరత్నం ఒంటికాలి మీద లేచి నిలబడింది. పక్కన పైడితల్లి ఆమె నడుము పట్టుకుంది.

"బాబూ, నాను సెయ్యి ఒదిలినాను, పడినాను. నా తప్పు నాను ఒప్పుకుంటన్నాను. ఆ నలుగురు ఒదల్లేదు. ఆల్లు హేండిలు పట్టుకునే ఉన్నారు. ఆల్లది ఆల్ల తప్పు కాదు. ఇంతకన్నా నాకేటీ తెల్దు. సేపల నీళ్లు పోసి సూడండి, తెలుస్తాది."

గజపతిరావు ఆమె వైపే చూస్తూ, "చేపల నీళ్లు తెప్పించండి," అన్నాడు.

కంపెనీ ఇంజినీరు ఒకాయన బండిని వరసల మధ్య దారిలో నిలబెట్టాడు. నిలుబండి పలక కింద ఒక సన్నటి రేకు ఉంటుందనీ, మనిషి పాదాలు ఉన్నాయో లేవో అది కనిపెడుతుందనీ, మనిషి దిగిపోతే బండి దొర్లిపోకుండా చక్రం బిగిస్తుందనీ ఆయనే చెప్పాడు. పలక మీద ఇసక మూట పెట్టి, పక్కనే పరుగెత్తుతూ బండిని అధ్యక్షుడి బల్ల వైపు నడిపించాడు. మంచినీళ్లు పోశాడు. చక్రం తిరుగుతూనే ఉంది. ఆడవాళ్లు తెచ్చిన బకెట్లోంచి ఐసు కరిగిన ఉప్పు నీళ్లు ఒక గ్లాసుడు పలక అంచున పోశాడు. నీళ్లు సందులోకి దిగాయి. మూడు క్షణాలు ఏమీ కాలేదు. నాలుగో క్షణంలో చక్రం టక్కున బిగుసుకుంది. ఇసక మూట ముందుకు ఎగిరి అధ్యక్షుడి బల్ల ముందు పడింది.

ఇంజినీరు గ్లాసు కింద పెట్టాడు. న్యాయవాది ఆయన చెవిలో ఏదో చెప్పబోయాడు. ఆయన తల అడ్డంగా ఊపి, అందరికీ వినబడేలా, "మనిషి దిగిపోయాడనుకుని రేకు మోసపోయింది సార్. లోపం మాదే," అన్నాడు.

నిషేధం ప్రతిపాదన ఆ రోజే రద్దయింది. ప్రతి బండికీ రేకు మార్చాలని ఉత్తర్వు వచ్చింది.

*

ఆ కథ అక్కడితో అయిపోలేదు. నెల తిరక్కుండా బీమా సంస్థల వాళ్లు తహసీన్ దగ్గరికి వచ్చారు. ప్రతి ఆస్పత్రిలో పతనలేఖ పెట్టాలనీ, ఎవరు పడినా యంత్రం మీద పడుకుంటేనే బీమా ఇస్తామనీ అన్నారు. చాలామంది శాస్త్రవేత్తలు జీవితమంతా ఎదురుచూసే పిలుపు అది. తహసీన్ వాళ్లకి టీ ఇప్పించి, ఆలోచించుకుంటానని పంపించేసింది. ఆ తర్వాత దేవికను పిలిచింది.

ప్రయోగశాల గోడ మీద ఐదు ఎక్స్‌రేలు వరసగా ఉన్నాయి.

"పది రోజుల నుంచి ఇవే చూస్తున్నాను," అంది తహసీన్. "చీలమండ ముందు విరిగితే, ఎముక లోపలి అంచున ఒక చిన్న పగులు పడుతుంది. వెంట్రుకంత. ఇదిగో, ఈ నలుగురికీ ఉంది. ఇన్నాళ్లూ అందరూ దాన్ని ఫిల్ము మీద గీతనుకుని వదిలేశారు. నేనూ అలాగే అనుకునేదాన్ని, ఐదోది చూసేదాకా. మీ అమ్మగారికి ఆ పగులు లేదు."

దేవిక దగ్గరికెళ్లి చూసింది. నాలుగింటిలో ఉంది. ఐదోదానిలో లేదు.

"నాలుగూ ఒక్కలా ఉంటే నాకు తేడా ఎక్కడ కనిపిస్తుంది దేవిక గారూ? ఆవిడ తన ఫలితం తీసేసి ఉంటే ఇది నాకు దొరికేది కాదు. నీ అరవై నాలుగు పాత ఎక్స్‌రేలూ తీయించాను. అరవై ఒక్కదానిలో పగులుంది." ఎప్పుడూ 'మీరు' అనే ఆమె ఉత్సాహంలో 'నీ' అనేసిన సంగతి గమనించలేదు. "ఇక వరస తెలుసుకోవడానికి మామూలు ఎక్స్‌రే చాలు. ఎవరినీ మళ్లీ పడెయ్యక్కర్లేదు."

"మరి మీ యంత్రం?"

"ఆపేస్తున్నాను. ఎక్స్‌రేతో తెలిసేదానికి మనిషిని ఏడిపించే హక్కు బీమా వాళ్లకీ లేదు, నాకూ లేదు. వాళ్లకి ఆ మాటే రాసి పంపాను." పన్నెండేళ్లు కష్టపడి చేసిన యంత్రం వైపు ఆమె ఒకసారి చూసింది. బాధ ఉంది. అయినా తల ఎత్తుకునే ఉంది. "అది చేయాల్సిన పని చేసింది. ఐదుగురితో ముగించింది. నాకది చాలు."

కొత్త కోడ్ ముసాయిదా దేవిక రాసింది. గాయాల కోడ్‌లు నిర్ణయించే జాతీయ మండలికి వేరే ఆస్పత్రుల నుంచి తెప్పించినవి కూడా కలిపి నూట పది ఎక్స్‌రేలు జోడించి పంపింది. మండలి రెండుసార్లు వెనక్కి పంపింది, ఆమె రెండుసార్లు సరిచేసింది. ఎనిమిది నెలలకి కోడ్ పుస్తకం కొత్త కూర్పులో, నిలుబండ్ల అధ్యాయంలో, ఒక వాక్యం అదనంగా చేరింది. నిలుబండి చక్రం దానంతట అది బిగుసుకొనుట వలన పడుట, నడిపేవారి ప్రమేయం లేక.

దేశమంతా ఆ కోడ్ వాడుకలోకి వచ్చిన మొదటి మూడు నెలల్లో పదమూడు వందల పైచిలుకు మందికి ఆ అంకె పడింది. వాళ్లలో ఐసు మోసేవాళ్లున్నారు, ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్లున్నారు. పాత ఎక్స్‌రేలు పట్టుకుని ఆస్పత్రులకి తిరిగొచ్చి, మా షీటు మళ్లీ చదవండి అని అడుగుతున్న వాళ్లున్నారు.

పుస్తకం వచ్చిన రోజు దేవిక దాన్ని తీసుకుని హార్బర్‌కి వెళ్లింది. వేలం ముగిసింది. కొత్త రేకులు వేసిన బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. పైడితల్లి మాత్రం బండి ఎక్కడం మానేసింది. వేలం పాటలో రేట్లు పలకడం నేర్చుకుని అక్కడే ఉంటోంది. నూకరత్నం చేతులు అతుక్కున్నాయి గానీ, వాలు కనిపిస్తే ఇప్పటికీ ఎడమ పిడికిలి బిగుసుకుపోతుంది. ఆమె షెడ్డు నీడలో చేపలు పోసుకుని కూర్చునే అమ్ముతోంది.

దేవిక పుస్తకం తెరిచి ఆ వాక్యాన్ని అందరికీ చదివి వినిపించింది. చివరి మాట రెండుసార్లు చదవమన్నారు. నడిపేవారి ప్రమేయం లేక. పైడితల్లి పుస్తకం లాక్కుని, అక్షరాల మీద వేలు పెట్టి, ఇంకోసారి తనే చదువుకుంది. "దీన్ని ఫొటో తీసి మా ఆయనకి పంపక్కా," అంది.

"అందులో నాది ఏ నెంబరే?" అని అడిగింది నూకరత్నం.

"నీది ఇందులో లేదమ్మా. నీది పాత నెంబరే. నిలుబండి మీంచి పడుట."

"నువ్వే ఏసినావా?"

"నేనే వేశాను."

చందువా చేపలు బేరమాడుతున్న ఒక పెద్దాయన, సంగతేమిటని అడిగాడు. నూకరత్నం చేప తోక పట్టుకుని త్రాసులో పడేసి, షెడ్డంతా వినబడేలా చెప్పింది.

"దేశం మొత్తానికీ కొత్త నెంబరు రాసింది నా కూతురు బాబూ. అందులో నన్ను మాత్రం ఎక్కించనేదు. ఎందుకంటే, నాది నా తప్పే."